పాత బజారుకు డంగు సున్నం

తొర్రూరు లాంటి ఊళ్లలో పాత ఇల్లు అమ్మకానికొస్తే బేరమంతా జాగా మీదే నడుస్తుంది. గజం ఎంత పలుకుతుందో అడుగుతారు. గోడల మందం ఎవరికీ పట్టదు, పైనున్న దూలాల వయసూ పట్టదు. టేకు దర్వాజకు మాత్రం విడిగా గిరాకీ ఉంటుంది. అది లారీ ఎక్కి ఎక్కడో ఓ రిసార్టు గుమ్మంగా తేలుతుంది. మిగిలిన మట్టిని జేసీబీ ఒక్క పూటలో ఎత్తేస్తుంది.

వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే రోడ్డు మీది ఊరు కాబట్టి తొర్రూరులో ఈ ఒత్తిడి మరీ ఎక్కువ. 2016లో జిల్లాల విభజనతో మహబూబాబాద్‌లో చేరి రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. 2018లో మున్సిపాలిటీ అయింది. ఇలాంటి ఊళ్లో రోడ్డు ముఖాన నాలుగు షట్టర్లు వేస్తే నెలనెలా కిరాయి వస్తుంది. పాత మిద్దె ఏమిస్తుందని ఇంటాయన అడిగితే, మన సంస్కృతి అండీ అని జవాబు చెప్పి లాభం లేదు. ఆ ఇల్లు నిలబడుతుందా, ఎంతలో నిలబడుతుంది, నిలబడితే దానికి కిరాయి వస్తుందా? ఈ మూడింటికీ లెక్క చెప్పగలగాలి. చెప్పొచ్చు కూడా. కాకపోతే ఆ లెక్క సిమెంటు బస్తా దగ్గర మొదలైతే తప్పుతుంది.

ఈ ప్రాంతపు పాత ఇళ్ల గోడలు మట్టితోనో, మట్టిలో పేర్చిన రాయితోనో లేచినవి. మూరెడు, అంతకు మించిన మందం ఉంటాయి. పైపూతగా సున్నపు గచ్చు. నేల నుంచి తేమ పైకి ఎక్కుతుంది, వానాకాలంలో గోడ చెమ్మగిల్లుతుంది, ఎండ కాయగానే గచ్చులోంచి ఆ తడి బయటికి పోతుంది. ఏటా ఇదే జరుగుతూ అలాంటి గోడలు తరాలు నిలిచాయి. అక్కడక్కడా గచ్చు రాలిందని దాని మీద సిమెంటు పూస్తే, చెమటపట్టిన ఒంటికి ప్లాస్టిక్ కవరు తొడిగినట్టే. తడి లోపలే ఉండిపోతుంది. తడితో పైకొచ్చిన ఉప్పు గోడలోనే గడ్డకట్టి మట్టిని పొడిపొడి చేస్తుంది. గోడలో దిగిన దూలం కొస నానిపోతుంది, చెద పడుతుంది. పైకి మాత్రం గోడ నున్నగా, కొత్తగా కనిపిస్తుంది. కొన్నేళ్లకు ఆ సిమెంటు పెచ్చు పెద్ద పలకలా ఊడిపడితే వెనక గుప్పెడు మన్ను రాలుతుంది. అప్పుడు అందరూ అనే మాట ఒక్కటే: ఇల్లు పాతబడిపోయింది. పాతబడి పోయిన ఇళ్ల కంటే మరమ్మతు పేరుతో పోయినవే ఎక్కువని నా అభిప్రాయం.

సున్నం పని ఓపిక పని. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చితే దానిలోని బొగ్గుపులుసు వాయువు పోయి తేలికపాటి గడ్డలు మిగులుతాయి. వాటిని నీళ్లలో వేస్తే కుతకుత ఉడుకుతాయి. దగ్గర నిలబడితే ముఖానికి సెగ తగులుతుంది. అలా చల్లారిన సున్నాన్ని వెంటనే వాడరు, రోజుల తరబడి నాననిస్తారు. ఎంత నానితే అంత జిగట. తరవాత డంగు. నేల మీద గుండ్రంగా రాతి కాలువ, దాంట్లో నిలువునా తిరిగే బరువైన రాతి చక్రం, దాన్ని లాగే ఎడ్లు. సున్నం, ఇసుక, మెత్తగా దంచిన ఇటుక పొడి ఆ కాలువలో పోసి నీళ్లు చిలకరిస్తూ తిప్పుతారు. ఇసుక గరుకు పోయి మిశ్రమం వెన్నలా వేలికి అంటుకునే దాకా ఆపరు. ఇప్పుడు ఎడ్ల చోట మోటారు వచ్చింది. దానికి నాకేం అభ్యంతరం లేదు. చక్రం తిరగడమే ముఖ్యం.

ఆ కాలువలోకి ఇంకా కొన్ని చేరతాయి. దంచి నానబెట్టిన కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు, మారేడు గుజ్జు, మినుముల జిగురు. పైపూతకు కోడిగుడ్డు తెల్లసొన. వినేవాళ్లకు ఇదంతా వంటలా తోస్తుంది గానీ ప్రతిదానికీ పని ఉంది. బెల్లం సున్నాన్ని చేతికి సాగేలా చేస్తుంది, కరక్కాయ వగరు పట్టు పెంచుతుంది, తెల్లసొన మెరుపునిస్తుంది. పూత పలచగా, వరసలు వరసలుగా పడాలి. ఒక వరస ఆరకముందే రెండోది వేస్తే పగుళ్లే. చివరి పూతను నున్నటి రాయితో రుద్దుతూ పోతే పాలరాయిలాంటి మెరుపు వస్తుంది. ఆపైన గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ సున్నం మెల్లగా మళ్లీ రాయవుతుంది. దానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు. కాంట్రాక్టర్లకు ఈ పని ఎందుకు నచ్చదో దీంతోనే తెలిసిపోతుంది.

అయితే గోడ కంటే ముందు చూడాల్సింది కప్పు. కప్పు కారకపోతే మట్టిగోడకు ముప్పు సగం తీరినట్టే. పాత కప్పుల మీది గూన పెంకును కుమ్మరి సారె మీద గొట్టంలా తీసి, పచ్చిగా ఉండగానే నిలువునా రెండుగా చీల్చి, కాల్చేవాడు. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పరిస్తే వాన జారిపోయేది. వానలకు ముందు ఏటా వాటిని సర్దించడం ఒకప్పుడు ఇంటి ఖర్చులో భాగం. కోతులు తొక్కి పగలగొట్టాక, సర్దే మనుషులు దొరక్కుండా పోయాక ఆ అలవాటు పోయింది. రేకులు వచ్చాయి. దూలం కొస చివికితే మొత్తం దూలం మార్చనక్కర లేదు. చెడ్డంత మేర కోసి, పాత టేకు ముక్కనే ఏటవాలు అతుకుతో కలిపి, గోడలో దాని కింద రాతి పలక పెడితే తడి అంటదు. చెయ్యి తిరిగిన వడ్రంగికి అది పెద్ద పనేం కాదు.

పాత కట్టడాన్ని బాగుచేయడం ఎక్కడ జరిగిందంటే చూపడానికి దూరం పోనక్కర లేదు. హనుమకొండలో 1163 నాటి వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పారు. పునాది కొత్తగా వేసి, రాళ్లు తిరిగి పేర్చి తెరిచేసరికి 2024 మార్చి వచ్చింది. అన్నేళ్లు పట్టిందని విమర్శించవచ్చు, అది న్యాయమే. కానీ గుళ్లకు పురావస్తు శాఖ ఉంది, ప్రభుత్వ సొమ్ము ఉంది. బజారు ఇళ్లకు నమూనా కావాలంటే హైదరాబాదు మొజంజాహీ మార్కెట్టే దగ్గర. 1935 నాటి ఆ రాతి మార్కెట్టును బాగుచేసి 2020లో తిరిగి తెరిచారు. దుకాణాలు దుకాణాలుగానే ఉన్నాయి, ఐస్‌క్రీం కోసం జనం ఇప్పటికీ వస్తున్నారు. కామారెడ్డి దగ్గరి దోమకొండ కోట ప్రైవేటు ఆస్తి. దాన్ని బాగుచేసిన తీరుకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం దక్కింది. అదే ఏడాది డిసెంబరులో, దశాబ్దాల చెత్త తీసేసిన బన్సీలాల్‌పేట మెట్ల బావి సికింద్రాబాదులో మళ్లీ తెరుచుకుంది.

తొర్రూరు చుట్టుపక్కల ఈ మాట ఎత్తితే ఒక ప్రశ్న రాకమానదు. దొరల కోటల్లాంటి గడీల సంగతేమిటి? పాలకుర్తి దగ్గరే ఉంది. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి చాకలి ఐలమ్మ తన పంట నిలబెట్టుకున్న ఊరది. 1946 జులై 4న ఆ దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య కడివెండిలో నేలకొరిగాడు. గడీ కూలితేనే మంచిదనే కోపం ఇక్కడి మనుషులకు ఊరికే రాలేదు. ఆ కోపాన్ని నేను కాదనను. కానీ ఆ గోడలు లేపింది దొర కాదు. రాయి కొట్టిన వడ్డెర, గచ్చు పూసిన సుతారి, దూలం చెక్కిన వడ్రంగి, పెంకు కాల్చిన కుమ్మరి, వీళ్లలో చాలామంది వెట్టికి. గడీ కూలిపోతే దొర పేరు పుస్తకాల్లో ఎలాగూ ఉంటుంది, వీళ్ల పనికి మాత్రం సాక్ష్యం ఉండదు. అందుకే బాగుచేసిన గడీ గుమ్మం దగ్గర దొరవారి వంశవృక్షం వేలాడదీయడం నాకు నచ్చదు. దాన్ని బడి చేయండి, గ్రంథాలయం చేయండి, వెట్టి చరిత్ర చెప్పే మ్యూజియం చేయండి.

చట్టం సాయం మీద ఎక్కువ ఆశ పెట్టుకోనక్కర లేదు. 1958 కేంద్ర చట్టం చూసేది నూరేళ్లు దాటిన, జాతీయ ప్రాముఖ్యం ఉన్న కట్టడాలను. 2017లో తెలంగాణ తన వారసత్వ చట్టం తెచ్చుకుంది. బజారులోని ఒక్కో మిద్దె దాకా అవి వచ్చేసరికి ఆ మిద్దె ఉంటే కదా. నిర్ణయం ఇంటి యజమానిదీ, మున్సిపాలిటీదీ. మున్సిపాలిటీ చేయగలిగిన మొదటి పని చవకైనదే: పాత ఇళ్ల జాబితా, ఒక్కోదానికి నాలుగు ఫొటోలు, కొలతలు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఆ జాబితా ముందు పెట్టుకోవడం రెండోది. వాటిని బాగుచేసుకునేవాళ్లకు ఇంటి పన్నులో కొంత తగ్గించగలిగితే ఇంకా మంచిది.

ఇంటివాళ్లకు ఒక మనవి. ఈ ఎండాకాలం వెళ్లకముందే కప్పు ఎక్కి పగిలిన పెంకులు మార్పించండి, గోడ మొదట్లో నీళ్లు నిలవకుండా కాలువ తీయించండి. సిమెంటు పని ఒప్పుకోబోయే ముందు, మీ ఊళ్లో సున్నం పని తెలిసిన ముసలి సుతారి ఎవరైనా ఉంటే ఒకసారి ఇంటికి పిలిచి గోడ చూపించండి.