దిగే రోజు లెక్క

మా నల్లగండ్ల అపార్ట్‌మెంట్లో ఎవరు సింగపూర్ వెళ్ళి క్రూజ్ ఎక్కుదామనుకున్నా ఒకసారి మా తలుపు కొడతారు. నేను ట్రావెల్ ఏజెంటును కాను. నాలుగైదు సార్లు ఇంట్లోవాళ్ళను ఓడ ఎక్కించి దింపిన అనుభవం, అంతే. ఏ ఓడ బాగుంటుంది, బాల్కనీ ఉన్న గది తీసుకోవాలా, శాకాహారం దొరుకుతుందా అని వాళ్ళు అడుగుతారు. నేను అడిగేది ఒకటే: "తిరుగు విమానం ఎన్నింటికి?" "అది తర్వాత చూసుకుంటాం లెండి" అంటారు. దాన్ని ముందు చూసుకోమని చెప్పడానికే ఈ వారం ఇది రాస్తున్నాను.

మూడేళ్ళ కిందట అమ్మానాన్నల్ని తీసుకుని మేమిద్దరం సింగపూర్ నుంచి మూడు రాత్రుల క్రూజ్‌కి వెళ్ళాం. నాన్న కోదాడలో హైస్కూలు మాస్టారుగా రిటైరయ్యారు. అప్పటికి డెబ్భై నాలుగేళ్ళు. కుడి మోకాలు అరిగింది, మెట్లు దిగాలంటే ఎడమ కాలు ముందు పెట్టి, ఆగి, రెండోది పెడతారు. టికెట్లు తీసిన ఏజెంటు తిరుగు విమానం పొద్దున పదకొండూ పదికి పెట్టాడు. "ఓడ ఏడింటికే రేవులో ఉంటుంది మేడమ్, అక్కణ్ణుంచి ఎయిర్‌పోర్టు అరగంట" అన్నాడు. సాయంత్రం విమానం కన్నా మనిషికి నాలుగు వేలు తక్కువ. నలుగురికి పదహారు వేలు మిగులుతాయి కదా అని నేనూ సరేనన్నాను.

అతను చెప్పిన రెండు మాటలూ నిజమే. ఓడ ఏడింటికల్లా మెరీనా బే రేవులో ఉంది. చాంగీ ఎయిర్‌పోర్టుకి టాక్సీలో అరగంటే. ఆ రెంటికీ మధ్య ఏముందో అతను చెప్పలేదు, నేను అడగలేదు.

ఓడని రేవుకి కట్టినంత మాత్రాన మనం దిగినట్టు కాదు. ముందు అధికారుల అనుమతి రావాలి. తర్వాత సామాను దించాలి. ఆ తర్వాత మనుషులు, అదీ ట్యాగు రంగుల ప్రకారం గుంపులు గుంపులుగా. సింగపూర్ నుంచి కదిలే పెద్ద ఓడల్లో మూడు వేల మందికి పైగా ఎక్కుతారు. అందరూ దిగాల్సింది ఒకటో రెండో దారుల్లోంచే. అంత పట్టింపు ఎందుకంటే, ఆ మధ్యాహ్నమే కొత్తవాళ్ళు ఎక్కుతారు, సాయంత్రానికి ఓడ మళ్ళీ బయల్దేరుతుంది. మధ్యలో దొరికే కాసిని గంటల్లో వెయ్యికి పైగా గదులు కడగాలి, దుప్పట్లు మార్చాలి, వారానికి సరిపడా బియ్యం, కూరగాయలు, పాలు ఎక్కించాలి. అందుకే ముందు రాత్రే పెద్ద సూట్‌కేసులకి ట్యాగు కట్టి, పదకొండు లోపు గుమ్మం బయట పెట్టేయమంటారు. మనం పడుకున్నాక సిబ్బంది వాటిని కిందికి చేర్చి రంగుల వారీగా సర్దుతారు. పొద్దున టెర్మినల్ హాల్లో మన రంగు బోర్డు కింద మన పెట్టె ఉంటుంది. వేల పెట్టెలు ఒక్క రాత్రిలో అలా చేరడం చూస్తే ఆ పనివాళ్ళకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

చివరి రాత్రి గదిలోకి వచ్చిన కాగితంలో మా గుంపు పిలుపు తొమ్మిదిన్నరకని ఉంది. అప్పుడు కూర్చుని వెనక్కి లెక్క వేశాను. విమానం పదకొండూ పది. చెకిన్ కౌంటరు గంట ముందు మూసేస్తారు, అంటే పదీ పది. అక్కడి క్యూకి గంట. టాక్సీకి అరగంట. ఆ టాక్సీ దొరకడానికి ఇంకో అరగంట, ఎందుకంటే దిగినవాళ్ళందరికీ అప్పుడే టాక్సీ కావాలి. ఇమ్మిగ్రేషన్‌కి ముప్పావు గంట. ఎలా కూడినా ఏడున్నర లోపు మేం ఓడ దిగి ఉండాలి. కిందికి వెళ్ళి కౌంటర్లో అడిగితే ఒక దారి ఉందన్నారు: సామాను ఎవరిది వాళ్ళే మోసుకుపోయేవాళ్ళు మొదటే దిగొచ్చు.

అలా దిగాం. ఆ పొద్దుటి సంగతి ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. లిఫ్టులు నిండిపోయి వస్తున్నాయి, మా అంతస్తులో ఆగినా నలుగురం రెండు పెట్టెలతో పట్టం. మావారు ఒక పెట్టె, నేను ఒకటి తీసుకుని మెట్ల దారి పట్టాం. ఓడలోంచి టెర్మినల్లోకి వేసిన వంతెన ఏటవాలుగా ఉంటుంది, కాలు జారకుండా నేలమీద అడ్డపట్టీలు వేస్తారు. సూట్‌కేసు చక్రం ప్రతి పట్టీ దగ్గరా ఆగి ఎగిరేది. నాన్న పాదం కూడా ప్రతి పట్టీ దగ్గరా ఆగేది. వెనక జనం. ఎవరూ ఏమీ అనలేదు, కానీ వాళ్ళ పెట్టెల చప్పుడు వీపు మీద పడుతూనే ఉంది. నాన్న నా చేతిలోని పెట్టె పిడి పట్టుకున్నారు, నాకు సాయం చేస్తున్నట్టుగా. కాసేపటికి తెలిసింది, ఆయన దాన్ని ఊతకర్రలా ఆనుకుంటున్నారని. "నాన్నా, ఆగుదామా?" అన్నాను. "ఆగితే విమానం ఆగదు కదమ్మా, పద" అన్నారు.

విమానం అందింది. ఇంటికొచ్చాక నెలరోజులు నాన్న మోకాలు వాచి ఉంది. రోజూ నల్లగండ్ల చెరువు గట్టున నడిచే మనిషి బాల్కనీ దాటలేదు. మిగిలిన పదహారు వేలు ఫిజియోథెరపీకి చాల్లేదన్నది చిన్న విషయం. అంత ముచ్చటపడి వెళ్ళిన ప్రయాణం గురించి ఎవరడిగినా నాన్న ముందు ఆ వంతెన సంగతే చెప్పేవారు. సముద్రం తర్వాత వచ్చేది.

నేను ఇరవై ఏళ్ళు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో సాఫ్ట్‌వేర్ రిలీజులు చూసుకున్నాను. శనివారం రాత్రి రెండింటికి రిలీజ్ అంటే, ఆ రెండింటి నుంచి వెనక్కి లెక్క పెట్టుకుంటూ వస్తాం. తేడా వస్తే పాతది తిరిగి పెట్టడానికి ఎంతసేపు, సరిచూడడానికి ఎంత, ఆ రాత్రి ఫోన్ ఎత్తాల్సినవాళ్ళు ఎవరు. ప్రతి అంకెకీ బఫర్ కలుపుతాం, కస్టమర్ దగ్గర మాట పోకూడదని. శేరిలింగంపల్లి చుట్టుపక్కల ఇళ్ళలో ఈ విద్య రానివాళ్ళు తక్కువ. నాన్న మోకాలికి మాత్రం నేను ఒక్క గంట కలపలేదు. అప్పటి నుంచి దిగే రోజుని మా ఇంట్లో అందరికన్నా మెల్లగా నడిచే మనిషి అడుగుతోనే కొలుస్తున్నాను.

ఆ కొలత ప్రకారం ఓడ పొద్దున చేరితే విమానం మధ్యాహ్నం రెండు దాటాకే ఉండాలి. చాలా ఓడ కంపెనీలు పన్నెండు లోపు విమానం వద్దని చెబుతాయి. అది ఆరోగ్యంగా ఉన్న నడివయసు మనిషి లెక్క. పెద్దవాళ్ళో చంటిపిల్లలో ఉంటే సాయంత్రం విమానమే సరైనది, వీలైతే ఆ రాత్రి ఊళ్ళోనే ఉండి మర్నాడు రావడం ఇంకా మంచిది.

సామాను సంగతికి వస్తే, చివరి రాత్రి పెద్ద పెట్టె గుమ్మం దాటిందంటే మళ్ళీ టెర్మినల్లోనే కనిపిస్తుంది. దాంట్లో వెళ్ళకూడనివి ఏమిటన్నదే అసలు పని. పాస్‌పోర్టులు, మందులు, కళ్ళద్దాలు, ఫోన్ చార్జర్ అందరికీ గుర్తుంటాయి. పొద్దున కట్టుకునే బట్టలు, వేసుకునే చెప్పులు పెట్టెలో పెట్టేసి, రాత్రి నైటీతో మిగిలిపోయినవాళ్ళు నాకు తెలిసి ఇద్దరున్నారు. మా అమ్మ పద్ధతి మంచిది. సాయంత్రం నాలుగింటికే మర్నాటి చీర, జాకెట్టు, లంగా మంచం మీద తన తలగడ కింద పెట్టేస్తుంది. అవి అక్కడ చేరేదాకా పెట్టె జిప్పు వెయ్యనివ్వదు. పాత మంగళగిరి చీర అంచు చింపి పెట్టెల పిడికి ముడివేసేదీ ఆవిడే. టెర్మినల్ హాల్లో వరసగా నల్ల సూట్‌కేసులు వందల్లో నిలబడి ఉంటాయి. ఆకుపచ్చ మీద జరీ గీత ఉన్న ఆ పీలిక ఇరవై అడుగుల దూరం నుంచి కనిపిస్తుంది.

మనవాళ్ళు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. ఎలక్ట్రిక్ కెటిల్, చిన్న కుక్కర్, ఇస్త్రీపెట్టె ఓడలోకి రానివ్వరు. ఎక్కేటప్పుడు తీసుకుని చివర్లో ఇస్తారు, దానికో క్యూ. ఓడ ఖాతా బిల్లు సరిచూసుకునే క్యూ రాత్రి భోజనాలయ్యాక చాంతాడంత ఉంటుంది, మధ్యాహ్నం మూడింటికి వెళ్తే ఎవరూ ఉండరు. ఓడ ఎక్కేటప్పుడు పెట్టె బరువు పెద్దగా పట్టించుకోరు, విమానంలో కిలో కిలోకీ లెక్క ఉంటుంది. ఓడ దుకాణంలో కొన్న అత్తరు సీసాలు, నూనెలు వంద మిల్లీలీటర్లు దాటితే విమానం చేతిసంచిలో సాధారణంగా రానివ్వరు, కనుక పెట్టెలో చోటు ముందే ఉంచుకోవాలి. సింగపూర్‌కి ఓడలో తిరిగొచ్చినా అది కొత్తగా దేశంలోకి రావడమే. అరైవల్ కార్డు మళ్ళీ నింపాలి, చేరడానికి మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు. చివరి రాత్రి ఓడ వైఫై కోసం తంటాలు పడేకంటే మధ్యలో ఏ రేవులోనో ఆ పని చేసేసుకోవడం నయం.

పూర్వం ఆవిరి ఓడల్లో పెట్టెలకి రెండు రకాల చీటీలు అంటించేవారట. దారిలో కావలసినవి, దారిలో అక్కర్లేనివి. అక్కర్లేనివి ఓడ అడుగున పడేసేవారు, రేవు చేరాకే బయటికి తీసేవారు. 'రజూలా' అనే ఓడ 1926లో కట్టింది, 1973 దాకా మద్రాసు నుంచి నాగపట్నం, పినాంగు మీదుగా సింగపూర్ తిరిగింది. వారం పాటు సాగే ఆ ప్రయాణంలో ఏది చేతికందేలా ఉంచుకోవాలో ఎక్కేముందే ఆలోచించుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ చీటీ మనం చివరి రాత్రి అంటిస్తున్నాం. ఆలోచన మటుకు అదే.

క్రూజంటే సింగపూరే కానక్కర్లేదు. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ 'ఎంప్రెస్' ఓడ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై దారిలో నడిచింది. మొదటిసారి పుదుచ్చేరి ప్రభుత్వం అనుమతి ఇవ్వకపోవడంతో ప్రయాణికులు అక్కడ దిగలేకపోయారు. ఓడ రాకపోకలు ఓడవాళ్ళ చేతుల్లో కూడా పూర్తిగా ఉండవు. 2023 సెప్టెంబరులో విశాఖలో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. అక్కడ పొద్దున దిగితే లింగంపల్లి వచ్చే జన్మభూమి ఎక్స్‌ప్రెస్ అందదు, అది ఆరు దాటగానే విశాఖ వదిలేస్తుంది. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ అయితే హాయిగా అందుతుంది.

ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ వెళ్ళే క్రూజ్‌లకి మావైపు నుంచి చాలామంది వెళ్తున్నారు. బల్లార్డ్ పీర్‌లో దిగి, ముంబై ట్రాఫిక్‌లో ఎయిర్‌పోర్టుకి పరుగెత్తి, శంషాబాద్‌లో దిగి, మళ్ళీ ఓఆర్ఆర్ మీద ఇంటికి. పెద్దవాళ్ళతో ఉంటే నేను చెప్పేది వేరు. బల్లార్డ్ పీర్ నుంచి సీఎస్‌ఎంటీ స్టేషను రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. పగలు సామాను భద్రపరిచి, ఎక్కడైనా గది తీసుకుని నడుం వాల్చి, రాత్రి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు లింగంపల్లిలోనే దిగొచ్చు. మా ఇంటికి ఆటోలో పది నిమిషాలు.

హ్యూస్టన్‌లో ఉన్న మా పిన్ని కూతురు వాళ్ళ అత్తమామల్ని గాల్వెస్టన్ నుంచి ఓడ ఎక్కిస్తానంటే జనవరి వద్దన్నాను. చలికాలంలో అక్కడ పొగమంచు దిగితే రేవు మూసేస్తారు, ఓడలు బయటే గంటల తరబడి ఆగుతాయి. హ్యూస్టన్ పెద్ద ఎయిర్‌పోర్టు గాల్వెస్టన్‌కి నూటపది కిలోమీటర్ల పైచిలుకు. సొంత ఊళ్ళో ఉన్నవాళ్ళకి అది పెద్ద ఇబ్బంది కాదు, డాలస్ నుంచో చికాగో నుంచో విమానంలో వచ్చిన అమ్మానాన్నలకి మాత్రం రోజంతా పోతుంది.

పోయిన డిసెంబరులో నాన్నని మళ్ళీ సింగపూర్ ఓడ ఎక్కించాను. రానన్నారు. టికెట్టు చూపించి, "తిరుగు విమానం సాయంత్రం ఏడున్నరకి నాన్నా" అన్నాక ఒప్పుకున్నారు. చక్రాల కుర్చీ కావాలని బుకింగ్ అప్పుడే రాయించాను. చివరి రోజు పొద్దున జనమంతా లిఫ్టుల దగ్గర ఉంటే మేం పై అంతస్తులో కిటికీ పక్కన ఇడ్లీ తింటూ కూర్చున్నాం. మా గుంపును ఆఖరున పిలిచారు. అప్పటికి ఆ వంతెన మీద ఎవరూ లేరు. నాన్న కుర్చీలోంచి లేచి, నడుస్తానన్నారు. ఒక్కో పట్టీ దగ్గరా ఆగి, కింద నీళ్ళు చూసుకుంటూ నడిచారు. చాంగీలో పెట్టెలు సామాను గదిలో పెట్టి, అక్కడే ఉన్న జ్యుయెల్ మాల్‌లో నలభై మీటర్ల జలపాతం ఎదురుగా మూడు గంటలు కూర్చున్నాం. అన్ని నీళ్ళు పైకి ఎలా తోడుతున్నారో కనుక్కోమని నన్ను రెండుసార్లు అడిగారు.

ఈ వేసవికి అమ్మానాన్నల్ని ఓడ ఎక్కించాలనుకుంటున్నవాళ్ళు ఓడ బుక్ చేసే ముందు తిరుగు విమానాలు చూడండి. రెండు దాటాక విమానం లేకపోతే మర్నాటిది తీసుకోండి.