కత్తి పెట్టకుండా నెత్తురు కట్టడం

ఖరగ్‌పూర్‌లోని హిజ్లీ జైలు భవనంలో 1951లో ఐఐటీ మొదలైంది. 2001లో ఆ ఐఐటీలోనే వైద్యానికీ సాంకేతికతకీ కలిపి ఒక విభాగం పెట్టారు. ఎంబీబీఎస్ పాసైన డాక్టర్లు అక్కడ మూడేళ్ళు ఇంజనీర్ల పక్కన కూర్చుని చదువుకుంటారు. డాక్టరుకి ఇంజనీరింగ్ ఎందుకని ఎవరైనా అడిగితే రేడియాలజిస్టు చార్లెస్ డాటర్ కథ చెప్పాలి.

1963లో చికాగోలో రేడియాలజిస్టుల మహాసభ జరుగుతోంది. రక్తనాళాల్లోకి పంపే కాథెటర్ గొట్టాలు అమ్మే బిల్ కుక్ స్టాల్ దగ్గర డాటర్ చాలాసేపు నిలబడ్డాడు. టెఫ్లాన్ గొట్టాలూ, వాటిని సాగదీసే మంటదీపమూ ఆ రాత్రికి అడిగి తీసుకెళ్ళాడు. తెల్లారేసరికి హోటల్ గదిలో పది కాథెటర్లు స్వయంగా చేసి తెచ్చాడు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగమంతా ఇనుముతో గడిపిన తెలుగు ఫిట్టర్లకి ఈ మనిషి ఇట్టే అర్థమవుతాడు.

ఆ డాటరే, ప్రాగ్ నుంచి తను పనిచేసే పోర్ట్‌లాండ్ వచ్చి చేరిన జోసెఫ్ రోష్‌తో కలిసి, 1972లో ఒక కేసు ప్రకటించాడు. కడుపులో పుండు నుంచి నెత్తురు ఆగడం లేదు. రోగి నుంచే కొంచెం రక్తం తీసి, గడ్డకట్టించి, కాథెటర్ ద్వారా ఆ ధమని కొమ్మలోకి పంపారు. పొట్ట కోయకుండానే నెత్తురు కట్టింది. కడుపులోనో పేగులోనో ఉధృతంగా కారే నెత్తుటిని ధమని మూసి ఆపడమనే వైద్యానికి అక్కడ పునాది పడింది. దాని పేరే ఎంబొలైజేషన్.

ఇప్పుడు రోగి సొంత రక్తానికి బదులు సన్నని లోహపు చుట్టలు, జెలటిన్ స్పాంజి, జిగురు వాడుతున్నారు. పని తీరు మాత్రం అదే. గజ్జలోనో మణికట్టు దగ్గరో తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి ధమనిలోకి సూది దించుతారు, దాని వెంట తీగ, తీగ మీదుగా కాథెటర్. రోగి చాలాసార్లు మెలకువగానే ఉంటాడు. ఊపిరి బిగబట్టమంటారు, ఎక్స్‌రేలో కనిపించే మందు ఎక్కిస్తారు. తెర మీద ధమనులు కొమ్మలు కొమ్మలుగా నల్లగా విచ్చుకుంటాయి. ఒకచోట మందు నాళం దాటి బయట మడుగు కడుతుంది. వెతుకుతున్న చోటు అదే. మిల్లీమీటరు మందం కూడా లేని మైక్రోకాథెటర్‌ని అక్కడిదాకా నడిపించడంలోనే చేతి పనితనమంతా ఉంది.

చిన్నపేగు మొదట్లో పుండు పడితే ఎక్కువగా చిట్లేది గ్యాస్ట్రోడియోడినల్ ధమని. దానికి పైనుంచీ కిందినుంచీ కూడా రక్తం వస్తుంది. ఒక్క వైపే మూస్తే ముందు తలుపు గడియపెట్టి వెనక తలుపు బార్లా తెరిచి ఉంచినట్టే, అందుకే చిట్లిన చోటుకి రెండు పక్కలా చుట్టలు పెడతారు. పెద్దపేగు దగ్గర ఇంత ధైర్యం పనికిరాదు. అక్కడ ఎక్కువ మేర మూస్తే పేగు గోడ చచ్చిపోతుంది. ఎక్కడిదాకా వెళ్ళి ఆగాలో తెలిసిన చెయ్యే అక్కడ పనికొస్తుంది.

అయినా మొదటి వైద్యం ఎండోస్కోపీయే. దానితో చాలామందికి నెత్తురు ఆగుతుంది. ఆగనివాళ్ళకీ, ఆగి మళ్ళీ మొదలైనవాళ్ళకీ ఒకప్పుడు ఆపరేషన్ తప్ప దారి లేదు. అప్పటికే నెత్తురంతా పోయిన ముసలివాళ్ళు ఆ కోతకి తట్టుకోలేకపోయేవారు. ఎంబొలైజేషన్ వల్ల అందరికంటే ఎక్కువ మేలు జరిగింది వాళ్ళకే. కాలేయం చెడి అన్నవాహికలో ఉబ్బిన సిరలు పగిలితే మాత్రం ఈ పద్ధతి కాదు, దాని వైద్యం వేరు.

శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఖరగ్‌పూర్‌లోనే స్థిరపడిన కుటుంబాల్లో మోకాళ్ళ నొప్పులకి ఏళ్ళ తరబడి బిళ్ళలు మింగే పెద్దలు లేని ఇల్లు అరుదు. ఆ బిళ్ళలు కడుపు పొరని తినేస్తాయి. విరేచనం తారులా నల్లగా, జిగటగా అయితే వేడి చేసిందని మజ్జిగ తాగి పడుకుంటారు. అది లోపల కారిన నెత్తురు. దానికి తోడు కళ్ళు తిరిగితే ఆ గంటలోనే ఆసుపత్రిలో ఉండాలి.

పెద్ద ఆసుపత్రికి పంపాల్సి వస్తే హౌరా దాకా రైలు దారిలో సుమారు 115 కిలోమీటర్లు. ఎండోస్కోపీ రిపోర్టు, స్కాన్ సీడీ, మింగుతున్న మాత్రల చీటీ రోగితో పాటే బండెక్కాలి. ఎండోస్కోపీ చేసిన డాక్టరు పుండు పక్కన చిన్న లోహపు క్లిప్ వదిలిపెట్టి ఉంటే ఇంకా మేలు. ఈ నెత్తురు కాసేపు కారి కాసేపు ఆగుతుంది. కాథెటర్ పెట్టిన సమయానికి ఆగిపోయి తెర మీద ఏమీ కనిపించకపోతే, ఆ క్లిప్ ఆనవాలు పట్టుకునే ఏ కొమ్మ మూయాలో తేల్చుకుంటారు.