మోయించే మూట, మోసే మూట

ఎవరెస్టు, డెనాలీ రెండూ ఎక్కిన తెలుగువాళ్ళు మనకున్నారు. నెల్లూరు జిల్లాలో పుట్టి, 2015లో ఆండీస్ కొండల్లో ప్రాణం విడిచిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలనూ 172 రోజుల్లో ఎక్కారు. వాటిలో చివరిది డెనాలీ. నిజామాబాదు జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకుండానే, టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. 2022లో డెనాలీ కూడా ఎక్కి ఏడు శిఖరాలూ పూర్తి చేశారు. ఇద్దరిలో ఎవరు గొప్ప అనే పోటీ నాకక్కర్లేదు. ఈ రెండు కొండలూ మనిషి చేత మూట ఎలా కట్టిస్తాయో చూడాలని నా ఆసక్తి. సికింద్రాబాదులో కూర్చుని హిమాలయాల ట్రెక్కుకు సామాను సర్దుకునే మనకు ఆ తేడా చాలా అవసరం.

టిబెట్ వైపు ఎవరెస్టుకు 5,200 మీటర్ల దాకా బండ్లు వెళ్తాయి. అక్కణ్ణుంచి 6,400 మీటర్ల శిబిరం వరకు జడలబర్రెలు మోస్తాయి. ఆపైన డేరాలు, గ్యాసు, ఆక్సిజన్ సిలిండర్లు చాలావరకు షెర్పాల వీపుల మీదే ఎక్కుతాయి.

డెనాలీ ఎత్తు 6,190 మీటర్లే. కానీ అక్కడ షెర్పాలూ లేరు, పశువులూ లేవు. చిన్న విమానం మంచు మీద దించేసి వెళ్ళిపోతుంది. మూడు వారాల తిండి, ఇంధనం, డేరా అన్నీ తామే చేరవేసుకోవాలి. వీపున కొంత, నడుముకు కట్టుకుని లాగే మంచుబండి మీద కొంత. ఒక్కసారే మోయలేక సగం పైకి తీసుకెళ్ళి మంచులో పాతిపెట్టి, కిందికి దిగి పడుకుని, మళ్ళీ మిగతా సగంతో ఎక్కుతారు. ఎగువ శిబిరాల నుంచి తమ మలాన్ని కూడా డబ్బాల్లో పెట్టుకుని దింపాలి. అక్కడ ఒక్కో వస్తువుకూ వెన్ను లెక్క చెబుతుంది.

ఎవరెస్టుది మోయించే మూట, డెనాలీది మోసే మూట. ట్రెక్కుకు వెళ్ళే మనవాళ్ళు కట్టేది మోయించే మూటే. సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు మనది, గడ్డకట్టే చలి ఎరగం. అందుకే భయంతో సర్దుతాం. రెండు జీన్సులు, నాలుగు స్వెట్టర్లు, అరడజను కాటన్ బనియన్లు, పచ్చడి సీసాలు. ఎలాగూ కంచరగాడిద మోస్తుంది కదా అని ధీమా.

నేనూ అలాగే వెళ్ళాను. మధ్యాహ్నం వాన పట్టుకుంది. గాడిదలు వెనకబడ్డాయి. వానకోటు, వెచ్చటి జాకెట్టు వాటి మీదే ఉన్నాయి. తడిసిన కాటన్ చొక్కాతో రెండు గంటలు వణికాను. చివరికి సామాను వచ్చింది కానీ బొత్తాం పెట్టుకుందామంటే వేళ్ళు వంగలేదు. కాటన్ చెమటనీ వాననీ పీల్చుకుని వదలదు, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. ఆ సంగతి చదివే వెళ్ళాను, అయినా ఆ రోజే అర్థమైంది.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, వయసు పైబడ్డవాళ్ళు గాడిదకు ఇవ్వడం తప్పని నేననను. ఇచ్చినా మోసేవాడిలాగే సర్దుకోవాలి. ఒంటికి అంటి చెమటను ఆరనిచ్చే బనియను, పైన ఫ్లీసు, ఆగినప్పుడు ఈకల జాకెట్టు, అన్నిటి మీద వానకోటు. పొరలు నాలుగే, ఏ గంటకు ఏది కావాలంటే అది. ఈకలు తడిస్తే వెచ్చదనం పోతుంది కాబట్టి ఆ జాకెట్టు ప్లాస్టిక్ సంచిలో ఉండాలి. స్లీపింగ్ బ్యాగు అడుగున, బరువైనవి వెన్నుకు ఆనించి మధ్యలో, వానకోటు పైన, చేతికందేలా. నీళ్ళు, మందులు, టార్చి, ఒక వెచ్చటి పొర మాత్రం ఎవరికీ అప్పగించకూడదు.

తిండి విషయంలోనూ డెనాలీ లెక్కే సరైనది. 4,000 మీటర్ల దగ్గర నీళ్ళు సుమారు 87 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కరు లేకుండా కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకుపలుకుగానే ఉంటుంది, గ్యాసు అయిపోతుంది. అటుకులు, పల్లీపట్టి, వేయించిన సెనగలు పట్టుకెళ్ళేవాడికి ఆ బాధ లేదు.

అయితే తేలిక పిచ్చి కూడా ప్రమాదమే. బరువు తగ్గించాలని వానకోటునో రెండో జత ఉన్ని మేజోళ్ళనో ఇంట్లో వదిలేసేవాడు మోసే మూట సంగతి సగమే తెలుసుకున్నాడు.

నా ఓటు మోసే మూటకే. సికింద్రాబాదు స్టేషన్‌లో రైలెక్కే ముందు వారం, సర్దిన సంచిని వీపున వేసుకుని మౌలాలి గుట్ట మెట్లన్నీ ఎక్కండి. పైన కూర్చుని సంచి విప్పి, మోసినందుకు చిరాకేసిన వస్తువులు పక్కన పెట్టండి. వాటిలో వానకోటు ఉంటే మాత్రం మళ్ళీ లోపల పెట్టేయండి.