గుంపులో తేడా పిట్ట

పులికాట్ సరస్సులో నీటిలోతు చాలా తక్కువ. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు ఆ నీటి మీదుగా పడమర నుంచి తూర్పుకు సాగుతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి, రోడ్డుకు ఉత్తరాన మేసే పక్షులపై ఎండ నేరుగా పడుతుంది. దక్షిణాన ఉన్నవి నల్లని నీడల్లా కనిపిస్తాయి. వెలుగు ఎటు పడుతుందో చూసుకోకుండా బైనాక్యులర్ ఎత్తడం వృథా.

అరుదైన పిట్ట ఎక్కువగా మామూలు పిట్టల మధ్యనే దొరుకుతుంది. అందుకే ముందు మామూలువాటి నడక కంటికి అలవాటు కావాలి. ప్లోవర్లు నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, ఒక్క పోటు పొడుస్తాయి. ఉల్లంకులు తల ఎత్తకుండా బురదను గుచ్చుతూనే ఉంటాయి.

ఉల్లంకుల్లో కర్లూ శాండ్‌పైపర్‌నే తీసుకుందాం. చలికాలంలో బూడిదరంగు ఒళ్లు, కిందికి వంగిన నల్లముక్కు. దక్షిణాదిలో అరుదుగా కనిపించే డన్లిన్‌దీ దాదాపు ఇదే రూపు. ముక్కు కాస్త పొట్టి, కాళ్లూ పొట్టే. నేల మీద ఉన్నప్పుడు అనుభవజ్ఞులు కూడా పొరబడతారు. డేగ నీడ పడి గుంపు లేచినప్పుడు సందేహం తీరుతుంది: కర్లూ శాండ్‌పైపర్ తోక మొదలు పూర్తిగా తెలుపు, డన్లిన్‌కు ఆ తెలుపు మధ్యలో నల్లచార. ఆ రెండు క్షణాల కోసం గంటసేపు కూర్చోవచ్చు. గుంపును కావాలని లేపడం మాత్రం తప్పు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇటుకరంగుకు తిరిగే కర్లూ శాండ్‌పైపర్లు సైబీరియా ప్రయాణానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకుంటుంటాయి. బెదిరి లేచిన ప్రతిసారీ అది కొంత కరిగిపోతుంది.

టర్న్‌లను వేటతీరును బట్టి పోల్చవచ్చు. వాటిలో అన్నిటికన్నా పెద్దదైన కాస్పియన్ టర్న్, లావాటి ఎర్రముక్కు కిందికి దించి నీటిని గాలిస్తూ ఎగిరి, ఒక్కసారిగా దూకుతుంది. గల్-బిల్డ్ టర్న్ అంతగా మునగదు. నీటి పైనుంచో, బురద మీదనుంచో ఎరను అందుకుంటుంది. నడిసముద్రంలో తిరిగే సూటీ టర్న్, ఫ్రిగేట్‌బర్డ్ వంటివి తుపాను గాలికి కొట్టుకొచ్చి తీరంలో కనబడుతుంటాయి. అలాంటివి అలసిపోయి ఉంటాయి, దగ్గరకు వెళ్లకూడదు.

చూసినదాన్ని పుస్తకం తెరవకముందే రాసుకోవాలి: ముక్కు పొడవు తలతో పోలిస్తే ఎంత, కాళ్లు ఏ రంగు, పక్కన ఏ పిట్ట ఉంది. బొమ్మ చూశాక రాస్తే కన్ను చూడనిది కూడా నోట్‌బుక్కులోకి చేరుతుంది. తేలని పిట్టను ‘గుర్తుపట్టని ఉల్లంకి’ అనే రాసుకుని, తేదీ, చోటు వేసి వదిలేయాలి.