పుష్పంలోని అంతఃపురం

ఆసుపత్రి గోడపై ‘గైనకాలజీ’ అన్న మాటను చదివిన పాఠకుడు, విమర్శ వ్యాసంలో ‘ఆండ్రోజినీ’ తారసపడినప్పుడు ఆ రెండూ ఒకే కుదురువని గుర్తించలేడు. రెండింటిలోనూ ఉన్నది స్త్రీ అనే అర్థంగల ‘గునే’ అన్న గ్రీకు పదమే. తెలుగు లిపిలోకి వచ్చేసరికి అది ఒకచోట ‘గైన’గాను, మరొకచోట ‘జిన’గాను చీలిపోయింది. పైగా ఆండ్రోజినీ పక్కనే ఆండ్రోజెన్ అనే హార్మోను పేరు నిలిచి తికమక పెడుతుంది. దాని చివరి ‘జెన్’ పుట్టుకకు సంబంధించిన వేరొక ధాతువు. ‘గునే’కు నిజమైన చుట్టం వేదభాషలో దేవపత్నులను చెప్పే ‘గ్నా’ శబ్దం. ఇంగ్లీషు ‘క్వీన్’ కూడా ఆ వంశానిదే.

ఈ పదం శాస్త్రంలో మోసుకువచ్చిన సామాను ఎంతటిదో వృక్షశాస్త్రంలో తెలుస్తుంది. పువ్వులోని స్త్రీభాగాల సముదాయాన్ని గైనీషియం అంటారు. ప్రాచీన గ్రీకుల ఇళ్లలో ఆడవారు మసలే గదుల పేరది, అంతఃపురమన్న మాట. 1735లో ‘సిస్టెమా నాతురే’ను వెలువరించిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్, కేసరాలను భర్తలుగాను, స్త్రీభాగాలను భార్యలుగాను భావించి మొక్కలను వర్గీకరించాడు. ఇరవై, అంతకు మించి కేసరాలున్న ఒక తరగతికి ‘పాలియాండ్రియా’, అనగా బహుభర్తృత్వమని పేరు పెట్టాడు. 1737లో సీగెస్‌బెక్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఈ పద్ధతిని అశ్లీలమని దుయ్యబట్టాడు. ఆయన పేరు నేడు నిలిచి ఉన్నది లిన్నేయస్ నామకరణం చేసిన ఒక కలుపుమొక్కలో! అశ్లీలత మాట అటుంచితే, ఆ అమరికే గమనించదగినది. తరగతిని నిర్ణయించేది కేసరాల సంఖ్య. స్త్రీభాగాల సంఖ్యకు దక్కింది దాని కిందిదైన క్రమం మాత్రమే. చరిత్రకారిణి లోండా షీబింగర్ 1993 నాటి తన గ్రంథంలో ఈ సంగతిని ఎత్తిచూపారు.

మన అనువాదకులు దీన్ని ఎలా స్వీకరించారు? హిందీ పాఠ్యగ్రంథాలు ‘జాయాంగ్’ అన్నాయి. జాయ అంటే భార్య. లిన్నేయస్ వేసిన పెళ్లిపందిరి అక్కడ ఇంకా విప్పలేదు. తెలుగువారు ‘అండకోశం’ అన్నారు. అందులో భార్య లేదు, అంతఃపురమూ లేదు. అండాలను దాచుకొన్న అర మాత్రమే ఉంది. చేసే పనిని బట్టి పెట్టిన పేరు కనుక ఇదే మేలని నా అభిప్రాయం. అయితే సంస్కృతంలోనూ, హిందీ వాడుకలోనూ అండకోశమంటే పురుషుని వృషణాల సంచి! మన ఇంటర్మీడియట్ విద్యార్థి పువ్వులోని స్త్రీభాగం పేరు చెబితే హిందీ విద్యార్థి నవ్వు ఆపుకోలేడు. సంస్కృత మూలం ఉంటే చాలు, భారతీయ భాషలన్నిటికీ ఒకే పరిభాష సమకూరుతుందని నమ్మేవారు ఈ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగవలసి ఉంది.

వైద్యంలో తెలుగు ఇంత నేర్పు చూపలేదు. గైనకాలజిస్టును ‘స్త్రీ వ్యాధి నిపుణురాలు’ అన్నాం. గ్రీకు మాటలో వ్యాధి లేదు. దాన్ని చేర్చినది మనమే. కుటుంబ నియంత్రణ సలహాకై వచ్చిన ఆరోగ్యవంతురాలు సైతం ఆ బోర్డు కింద రోగిగానే నిలబడాలి. క్రీ.శ. 2వ శతాబ్దంలో రోములో వైద్యం చేసిన సొరానస్ తన గ్రంథానికి ‘గునైకేయా’, అంటే ‘స్త్రీ విషయాలు’ అని పేరు పెట్టాడు. గర్భసంచి మృగంలా దేహమంతా తిరుగుతుందన్న నాటి నమ్మకాన్ని తోసిపుచ్చిన వాడాయన. మంత్రసానికి ఉండవలసిన లక్షణాలతో ఆరంభించి, కాన్పు, పసిబిడ్డ పోషణ చెప్పిన తరువాతనే రోగాల జోలికి వెళ్లాడు. మన జనం ఆయనను చదవలేదు గాని, ‘ఆడవాళ్ల డాక్టరు’ అని ఊరుకొన్నారు.