సంతరోజు బిళ్ల

మిరపకోతలు మొదలైతే నరసరావుపేట మందుల షాపులకు కీళ్లనొప్పుల చీటీలు వరసకడతాయి. మెథోట్రెక్సేట్ రాసిన చీటీని మాత్రం నేను కౌంటరు కుర్రాడికి వదలను. కీళ్లవాతానికి దాన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ మింగితే నోరు పూస్తుంది, తెల్లకణాలు పడిపోతాయి, ప్రాణం మీదకొస్తుంది.

"అబ్బాయ్, రోజూ ఏసుకుంటే తొందరగా తగ్గుద్దిగా?" అంది మొన్న మాచర్ల వైపు నుంచి వచ్చిన మామ్మ.

"అమ్మో, వద్దు మామ్మా! మీ సంత ఏ రోజు?"

"బుధవారం."

అట్ట మీద మార్కరుతో పెద్దగా 'బుధ' అని రాశాను. అక్షరం రానివాళ్లు కూడా సంత మర్చిపోరు.

ఈ మందు కథలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. కణానికి శక్తినిచ్చే ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సహశాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి బయటపెట్టారాయన. తర్వాత లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది, దాన్ని కాస్త మార్చి దానికే అడ్డుపడే మందులూ చేసింది. అందులో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1947లో రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే.

రోగనిరోధక కణాలు ఇంధనాన్ని ఎలా వాడుకుంటాయా అని, ఇమ్యునో మెటబాలిజం పేరుతో ఇప్పుడు శాస్త్రవేత్తలు తలమునకలవుతున్నది ఈ దారిలోనే. ఒంట్లో సైనికుడిలాంటి టి-కణం ఖాళీగా ఉన్నప్పుడు ఇంధనాన్ని నిదానంగా, పూర్తిగా కాల్చుకుంటుంది. శత్రువు తగిలిందా, గ్లూకోజును గబగబా లాగి సగంలోనే లాక్టేటుగా వదిలేస్తుంది. దుబారా అనిపిస్తుంది గానీ, ఒక కణం వేలుగా చీలాలంటే ముడిసరుకు త్వరగా కావాలి. కొత్త డీఎన్‌ఏకు ఫోలిక్ యాసిడ్ కావాలి; మెథోట్రెక్సేట్ అడ్డుపడేది దానికే. పోరు ముగిశాక మిగిలే జ్ఞాపక కణాలు మళ్లీ కొవ్వును కాల్చుకుంటూ బతుకుతాయి. కీళ్లవాతపు చిన్న మోతాదులో మెథోట్రెక్సేట్ అడినోసిన్‌ను పెంచి వాపును చల్లారుస్తుందని కూడా అంటారు. ఇదే దారిలో, షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ ఎలుకల్లో క్షయ క్రిమిని అదుపుచెయ్యడానికి తోడ్పడిందని 2014లో తేలింది.

కొవిడ్ తర్వాత 'ఇమ్యూనిటీ పెంచే పొడి' అడగని ఇల్లు లేదు. అమ్ముతాను, కాదనను. కానీ ఈ మామ్మ వేళ్లు వంకరపోయింది అదే ఇమ్యూనిటీ సొంత కీళ్ల మీద పడ్డందుకు. ఆమెకు ఇంకా పెంచి ఏం చెయ్యను?

మామ్మ చీటీలో ఫోలిక్ యాసిడ్ కూడా ఉంది, శుక్రవారానికి. నోటిపూత, వికారం తగ్గడానికి.

"రెండూ కలిపి ఏసుకోవద్దు మామ్మా. రక్తపరీక్ష కాయితం తెస్తేనే వచ్చేనెల బిళ్లలు."

"ఆ పరీక్షకి ఎంతవుద్ది అబ్బాయ్?" అంది, కొంగుముడి విప్పుతూ.