రెండు కుర్చీల లెక్క: గ్యారీ నెవిల్, ఎమ్మెస్కే ప్రసాద్

1975లో రెండు నెలల తేడాతో పుట్టారిద్దరూ. ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని బ్యూరీలో గ్యారీ నెవిల్, ఏప్రిల్‌లో గుంటూరు జిల్లాలో మన్నవ శ్రీకాంత్ ప్రసాద్. ఈయన మనకు ఎమ్మెస్కేగానే తెలుసు. ఒకడు ఫుట్‌బాల్‌లో రైట్ బ్యాక్, ఇంకొకడు క్రికెట్‌లో వికెట్ కీపర్. ఆటలు వేరైనా ఇద్దరిదీ కాపలా కొలువే. తొంభై నిమిషాలు కంటికి రెప్పలా కాసినా మర్నాడు పేపర్లో పేరుండదు. ఒక్క బంతి జారిందా, వారం రోజులు టీవీలో అదే తిప్పి తిప్పి చూపిస్తారు. అలాంటి కొలువు చేసినవాళ్లు రిటైరై, మైకు ముందు కూర్చుని ఇతరుల తప్పులెంచితే ఆ మాటకు ఏ పాటి బరువుంటుంది? ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది అందుకే. రెండో కారణం మన నిజామాబాద్ జిల్లా ఏర్గట్లకు సంబంధించింది. అది తర్వాత చెప్తాను.

ఆటగాళ్లుగా వీళ్లకు పోలిక పెట్టడం అన్యాయం, కాబట్టి ఆ ముచ్చట తొందరగా ముగిస్తాను. నెవిల్ 1992 నుంచి 2011 దాకా ఒక్క మాంచెస్టర్ యునైటెడ్‌కే ఆడాడు. క్లబ్బుకు 602 మ్యాచ్‌లు, ఎనిమిది ప్రీమియర్ లీగ్ టైటిళ్లు, ఇంగ్లండ్ తరఫున 85 మ్యాచ్‌లు. ప్రసాద్‌కు దక్కినవి ఆరు టెస్టులు, 17 వన్డేలు. 1999 అక్టోబర్‌లో మొహాలీలో న్యూజిలాండ్ మీద తొలి టెస్టు ఆడితే, మొదటి ఇన్నింగ్స్‌లో భారత్ 83 పరుగులకే కుప్పకూలింది. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో ఆడిన మూడు టెస్టులూ ఓటమే. 2000 జనవరిలో సిడ్నీతో టెస్టు జీవితం ముగిసింది. మోంగియా పక్కకు జరిగి ధోనీ వచ్చేదాకా భారత్ ఎందరు కీపర్లను మార్చిందో గుర్తుంటే, ఈయన్ను విఫలుడని తీసిపారేయబుద్ధి కాదు. అప్పట్లో ఆ స్థానంలో ఎవరికీ కాలు నిలవలేదు.

నెవిల్‌కు మాత్రం మచ్చలు లేవా? 2006 అక్టోబర్ 11న జాగ్రెబ్‌లో క్రొయేషియా మీద మ్యాచ్. గోల్‌కీపర్ పాల్ రాబిన్సన్‌కు నెవిల్ మామూలుగా వెనక్కి తోసిన బంతి నేల మీద తగలరాని చోట తగిలి ఎగిరింది. రాబిన్సన్ కాలు గాలిని తన్నింది, బంతి తాపీగా గోల్‌లోకి దొర్లింది. రికార్డులో అది నెవిల్ సెల్ఫ్ గోల్. (ఆ స్టేడియం డైనమో జాగ్రెబ్ క్లబ్బుది. మన నిజామాబాద్ జిల్లా బిడ్డ గుగులోత్ సౌమ్య 2022లో ఆ క్లబ్బుకే ఆడటానికి పోయింది. మన ఇంటి పిల్ల అంత దూరం పోయి బంతి తన్నిందన్న సంగతి జిల్లాలో ఎంతమందికి తెలుసో మరి.)

ఇక మైకు సంగతి. నెవిల్‌ను అర్థం చేసుకోవడానికి బార్సిలోనాలోని క్యాంప్ నౌ మైదానం ఒక్కటి చాలు. 1999 మే 26న చాంపియన్స్ లీగ్ ఫైనల్లో బయర్న్ మ్యూనిక్ మీద 90 నిమిషాలు దాటేదాకా యునైటెడ్ ఒక గోల్ వెనకే ఉంది. రైట్ బ్యాక్ నెవిల్ ఎడమ అంచుకు పరుగెత్తి వేసిన బంతి నుంచే కార్నర్ దక్కింది, ఆ కార్నర్ నుంచే సమం చేసిన గోల్ వచ్చింది. తన చోటు వదిలి అక్కడిదాకా పోవడం డిఫెండర్ పని కాదు, అయినా పోయాడు. 2012 ఏప్రిల్‌లో అదే మైదానంలో మైకు పట్టుకుని కూర్చున్నాడు. చెల్సీ ఆటగాడు ఫెర్నాండో టోరెస్ సగం మైదానం ఒంటరిగా పరుగెత్తి గోల్ కొడుతుంటే నెవిల్ గొంతులోంచి మాటలు రాలేదు. ఏదో పొడుగాటి మూలుగు వచ్చింది. ఇంగ్లండ్ అంతా నవ్వుకుంది. నాకు మాత్రం ఆ కూత ముద్దొచ్చింది. అన్నీ తెలిసినవాడు ఒక్క క్షణం అన్నీ మరిచిపోయాడు.

క్యాంప్ నౌకు మళ్లీ 2016 ఫిబ్రవరి 3న వచ్చాడు, ఈసారి వాలెన్సియా కోచ్‌గా. బార్సిలోనా చేతిలో 7-0. నాలుగేళ్లు టీవీలో కోచ్‌లకు పాఠాలు చెప్పినవాడు, కోచ్‌గా నాలుగు నెలలు నిలబడలేదు. 2015 డిసెంబర్‌లో చేరాడు, మార్చి 30న తీసేశారు. 28 మ్యాచ్‌ల్లో గెలిచినవి పది. లీగ్ వరకే చూస్తే 16లో మూడు. స్పానిష్ రాదు, ముఖ్య కోచ్‌గా అనుభవం లేదు, పైగా యజమాని పీటర్ లిమ్ సాల్ఫోర్డ్ సిటీ క్లబ్బులో తన భాగస్వామి. ఈ మూడు మాటలూ అప్పట్లో అందరూ అన్నారు, మూడూ నిజమే.

అక్కడితో వీడి నోరు పడిపోతుందనుకున్నారు. పడిపోలేదు. తిరిగి స్కై స్పోర్ట్స్‌లో కూర్చున్నాడు, పక్కన జేమీ క్యారగర్. లివర్‌పూల్‌కు 737 మ్యాచ్‌లాడిన డిఫెండర్, మైదానంలో బద్ధశత్రువు. ఆ శత్రువే వాలెన్సియా పేరెత్తి ఎగతాళి చేస్తుంటే నెవిల్ నవ్వుతూ పడతాడు, మళ్లీ తిరగబడి అంటాడు. వాళ్ల విశ్లేషణలో నాకు నచ్చేది ఒకటుంది. గోల్ పడగానే ఆఖరి డిఫెండర్ మీద విరుచుకుపడరు. తెరమీద ఆటను ఆపి, మూడు పాసుల వెనక్కి పోతారు. మిడ్‌ఫీల్డర్ ఎక్కడ నడిచాడు, ఫుల్ బ్యాక్ పాదాలు ఎటు తిరిగి ఉన్నాయి, వాడి భుజం వెనక ఎవడున్నాడు అని ఒక్కొక్కటీ చూపిస్తారు. నిజామాబాద్ యార్డులో ఖరీదుదారు పసుపు కొమ్ము విరిచి లోపలి రంగు చూసినట్టుంటుంది వాళ్ల పని.

తెలుగులో ఈ అలవాటు ఇంకా రావాలి. ఐపీఎల్‌కు తెలుగు వ్యాఖ్యానం 2018లో గట్టిగా మొదలైంది. వేణుగోపాలరావు, ఎమ్మెస్కే, అంబటి రాయుడు, హనుమ విహారి లాంటి ఆడినవాళ్లే బాక్స్‌లోకి వచ్చారు, అది మంచి సంగతి. కానీ సిక్సర్ పడితే సినిమా డైలాగు, వికెట్ పడితే ఇంకో డైలాగు. ఆట విప్పి చెప్పే నిమిషాలు తక్కువ. ఆ రద్దీలో ఎమ్మెస్కే గొంతు వేరుగా వినిపిస్తుంది. అరుపు లేదు, తొందర లేదు. కీపర్ కదా, బ్యాటర్ కాళ్ల కదలిక మీదే కన్ను ఉంటుంది. స్పిన్నర్ బంతికి ముందే కాలు వేశాడా, ఆలస్యంగా వేశాడా అన్నది విడమరిచి చెప్పేటప్పుడు ఆయన పక్కా ఉపాధ్యాయుడు. ఇబ్బందల్లా ఎంపికల ముచ్చట రాగానే మొదలవుతుంది. నేను విన్నంతలో అక్కడ ఆయన మాటలో వ్యాఖ్యాత తగ్గి, కమిటీ చైర్మన్ బయటికొస్తాడు. ఇద్దరూ మంచి ఆటగాళ్లే, యాజమాన్యం ఆలోచించే ఉంటుంది, చూద్దాం అన్న ధోరణి. ఎవరికీ నొప్పి తగలదు, వినేవాడికి దక్కేదీ ఉండదు.

ఆయన వాలెన్సియా ఎక్కడుందో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. 2016 సెప్టెంబర్ నుంచి 2020 మార్చి దాకా సెలెక్షన్ కమిటీకి చైర్మన్. ఐదుగురు సెలెక్టర్లూ కలిసి ఆడిన టెస్టులు 13 అని దేశమంతా దెప్పింది. సునీల్ గవాస్కర్ పత్రికలోనే చురకవేశాడు. వాళ్లు ఎంపిక చేసిన జట్టే 2018-19లో ఆస్ట్రేలియా గడ్డ మీద తొలిసారి టెస్టు సిరీస్ గెలిచింది, కానీ ఆ పద్దు ఎవరూ చదవరు. 2019 ఏప్రిల్ 15నే గుర్తుపెట్టుకున్నారు. ప్రపంచకప్ జట్టులో నాలుగో స్థానానికి రాయుడిని కాదని విజయ్ శంకర్‌ను తీసుకుని, అతనిలో మూడు కోణాలున్నాయని ఎమ్మెస్కే చెప్పాడు. మర్నాడు రాయుడు ప్రపంచకప్ చూడటానికి త్రీడీ కళ్లద్దాలు ఆర్డరిచ్చానని ట్వీట్ చేశాడు. ఇద్దరూ గుంటూరు వాళ్లే కావడంతో అది ఇంటి గొడవలా కూడా మారింది.

సెలెక్టర్ల వైపు వాదన లేకపోలేదు. ఫిబ్రవరిలో వెల్లింగ్టన్‌లో 90 కొట్టిన రాయుడు మార్చిలో ఆస్ట్రేలియా మీద మూడు వన్డేల్లో 33 పరుగులే చేశాడు. కానీ ఆ తర్వాత జరిగినదానికి సమర్థన దొరకదు. ధావన్ గాయపడితే పంత్‌ను పంపారు. విజయ్ శంకర్ గాయపడితే, స్టాండ్‌బైగా పేరున్న రాయుడిని వదిలేసి, అప్పటికి ఒక్క వన్డే ఆడని మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. జూలై 3న రాయుడు రిటైర్మెంట్ ప్రకటించాడు. వారం తిరగ్గానే సెమీఫైనల్లో న్యూజిలాండ్ మీద మనం 5 పరుగులకు మూడు వికెట్లు పోగొట్టుకుని, 18 పరుగులతో ఓడాం. ఆ మ్యాచ్ జరిగింది మాంచెస్టర్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో. నెవిల్ ఇరవై ఏళ్లు ఆడిన ఫుట్‌బాల్ ఓల్డ్ ట్రాఫర్డ్ అక్కడికి నడిచిపోయేంత దూరం.

రాయుడి విషయంలో బాధపడ్డానని ఎమ్మెస్కే తర్వాత చెప్పాడు. అది మంచితనం. అయితే బాధపడటం ఒకటి, లెక్క చెప్పడం ఇంకొకటి. నెవిల్ వాలెన్సియా గురించి మాట్లాడేటప్పుడు తను చేసింది పొరపాటని దాచుకోడు. ఎమ్మెస్కే దగ్గర దానికి సాటిరాగల విశ్లేషణ ఇంకా రావాల్సే ఉంది. ఈలోగా రాయుడు కూడా మైకు ముందుకొచ్చాడు. ఐపీఎల్‌లో ఆరు టైటిళ్లు గెలిచిన జట్లలో ఉన్నవాడు, 2023 ఫైనల్‌తో ఆట ముగించినవాడు. 2024లో బెంగళూరు జట్టు మీద, ఆరెంజ్ క్యాప్ మీద అతను అన్న మాటలకు అభిమానులు ఊగిపోయారు. ఫైనల్ రోజు బట్టల రంగు మార్చాడని సాటి వ్యాఖ్యాత కెవిన్ పీటర్సన్ ఇంగ్లిష్ కార్యక్రమంలో జోకర్ అన్నాడు. రాయుడి మాటలో కోపం పాలు ఎక్కువ, తూకం తక్కువ. అయినా నిద్రపోనివ్వడు. ఎమ్మెస్కేకు తెలిసింది రాయుడికి తెలియదు, రాయుడికున్న తెగువ ఎమ్మెస్కేకు లేదు. తెలుగు బాక్స్ లోటు ఇక్కడే ఉంది.

నెవిల్‌కు పైచేయి ఇచ్చేసినట్టేనా? ఇక్కడే ఏర్గట్ల వస్తుంది.

2021 ఏప్రిల్ 18న యూరప్ పెద్ద క్లబ్బులు సూపర్ లీగ్ పెట్టుకుంటున్నాయని తెలిసినప్పుడు నెవిల్ లైవ్‌లోనే సొంత క్లబ్బు యజమానులను దులిపేశాడు. దురాశ అన్నాడు, సిగ్గులేదా అన్నాడు. రెండు రోజుల్లో ఇంగ్లిష్ క్లబ్బులు తోకముడిచాయి. అంతటివాడు 2022లో ఖతర్ ప్రపంచకప్‌కు అక్కడి బీయిన్ స్పోర్ట్స్ చానెల్‌లో వ్యాఖ్యాతగా చేరాడు. ఆ దేశం కార్మికులను చూసే తీరును అంతకుముందు తప్పుపట్టినవాడే. బీబీసీ హాస్య కార్యక్రమంలో ఇయన్ హిస్లప్ నిలదీస్తే, అక్కడికి పోయి ఆ సమస్యల గురించి మాట్లాడతానన్నాడు. ఇంట్లో కూర్చుని కూడా మాట్లాడొచ్చు కదా, వాళ్ల డబ్బెందుకు అని హిస్లప్ తిప్పికొట్టాడు. నెవిల్ దగ్గర సరైన జవాబు లేదు.

లండన్‌లో అది ఒక రాత్రి నవ్వుకునే సంగతి. ఏర్గట్ల, మోర్తాడ్, కమ్మర్‌పల్లి మండలాల్లో కాదు. ఈ ఊళ్లల్ల గల్ఫ్ బాకీ ఎరగని వాడకట్టు ఉండదు. పసుపు ధర పడిపోయిన ఏడు, బోరు ఎండిన ఏడు, ఏజెంటు చేతిలో అప్పు తెచ్చిన పైసలు పెట్టి దుబాయికో, దోహాకో పోయినవాళ్లు ఎందరో. ఖతర్‌లో రోడ్లు, మెట్రో, స్టేడియాలు కట్టిన చేతుల్లో ఈ జిల్లావీ ఉన్నాయి. ప్రపంచకప్ ఖతర్‌కు ఖాయమైన 2010 నుంచి పదేళ్లలో భారత్, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకల నుంచి పోయిన 6,500 మందికి పైగా అక్కడ చనిపోయారని గార్డియన్ పత్రిక 2021లో రాసింది. అందరూ స్టేడియం పనిలోనే పోలేదు, నిజమే. కానీ ఎండ దెబ్బకు నిద్రలోనే ప్రాణం పోయినవాడి శవం శంషాబాద్‌లో దిగితే, ఏ గోడ కడుతూ పోయాడన్న వివరం ఇంట్లోవాళ్లకు ఏం పనికొస్తుంది?

ఫుల్ బ్యాక్ పాదాలు ఎటు తిరిగాయో ఆపి చూపించేవాడు, తన పాదాలు దోహా వైపు ఎందుకు తిరిగాయో అంత వివరంగా చూపించలేదు. విశ్లేషకుడిగా నెవిల్ ఎమ్మెస్కే కంటే రెండు మెట్లు పైనే, అందులో నాకు అనుమానం లేదు. తెలివి, శ్రమ, ఓటమిని నలుగురిలో ఒప్పుకునే గుండె, మూడూ ఉన్నాయి. ఖతర్ దగ్గర మాత్రం ఆయన మార్కులు ఏర్గట్లలో వేస్తే తగ్గుతాయి, తగ్గాలి. ఎమ్మెస్కే వ్యాఖ్యాతగా తక్కువ మార్కులవాడే అయినా, ఇంకా తేలని పరీక్ష ఆయనది. నెవిల్ చెప్పగలిగింది దాదాపు అంతా చెప్పేశాడు. ఎమ్మెస్కే దగ్గర తెలుగులో ఇంకెవరూ చెప్పలేనిది మిగిలే ఉంది.

ఎమ్మెస్కే గారూ, 2019లో ఆ గదిలో నాలుగో స్థానం మీద ఏం వాదన జరిగింది, ఎవరి మాట నెగ్గింది, స్టాండ్‌బైని పిలవకపోవడానికి కారణమేంటి అన్నది ఒక్కసారి బ్యాటర్ కాళ్ల కదలిక చెప్పినంత ఓపికగా చెప్పండి. పక్కన రాయుడిని కూర్చోబెట్టుకుని చెప్తే ఇంకా మంచిది.